సెప్సిస్ రోగి నిలబడతాడా లేదా: ఏ రక్త పరీక్షని, ఎప్పుడు, ఎంతవరకు నమ్మాలి?

చంపావతి_పీజీ (జనరల్ మెడిసిన్, విజయనగరం)

అందరికీ నమస్కారం. థీసిస్ కోసం అడుగుతున్నాను. ఐసీయూలో చేరిన సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కి ఒంటి స్పందన అదుపుతప్పి అవయవాలు దెబ్బతినడం) రోగుల్లో 28 రోజుల్లోపు ఎవరు పోతారో, ఎవరు నిలబడతారో ముందుగా సూచించే రక్త పరీక్షలు అన్నది విషయం. 100 మందిని తీసుకుందామనుకుంటున్నాను.

చేతిలో ఉన్నవి: ఏబీజీ (రక్తంలో వాయువులు కొలిచే) మిషన్లో లాక్టేట్, సీబీసీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీకి), బిలిరుబిన్ (లివర్‌కి), పీటీ-ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే సమయం), సీఆర్పీ (వాపుని సూచించేది). ప్రోకాల్సిటోనిన్ (పీసీటీ, బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లో పెరిగేది) బయటికి పంపాలి, ఖర్చెక్కువ. చేరినరోజు ఒకసారి అన్నీ తీసి, వాటిలో దేని ఏయూసీ (పోయేవాళ్లనీ బతికేవాళ్లనీ ఎంత బాగా వేరుచేస్తుందో చెప్పే అంకె) ఎక్కువుందో చూస్తే సరిపోతుందా? ఒక్క పరీక్షే ఎంచుకోవాల్సి వస్తే దేన్ని ఎంచుకోమంటారు?

వంశధార (క్రిటికల్ కేర్, శ్రీకాకుళం)

చేరినరోజు ఒక్కసారే తీస్తే థీసిస్ పూర్తవుతుంది గానీ వార్డులో ఎవరికీ అక్కరకు రాదమ్మా. సెప్సిస్‌లో ఒక అంకె కన్నా ఆ అంకె ఎటు నడుస్తోందన్నదే ఎక్కువ చెబుతుంది. 2010లో ఇద్దరు పరిశోధకులు లెక్కేస్తే సెప్సిస్ మార్కర్లు (జబ్బు తీరుని సూచించే గుర్తులు) 178 తేలాయి. 2020లో మళ్లీ లెక్కేస్తే 258 అయ్యాయి, వాటి మీద 5,367 అధ్యయనాలు. ఇన్ని ఉన్నా రోగి పక్కన నిలబడి "ఇది చాలు" అనగలిగేది ఒక్కటీ లేదు. కాబట్టి 259వ దాన్ని వెతక్కండి. ఉన్నవాటిని సరిగ్గా తీసి, సరైన వేళ మళ్లీ తీసి చదవడం మీద పెట్టండి మీ శ్రమంతా.

ఒక్కటే అంటే లాక్టేట్. సెప్టిక్ షాక్‌కి 2016లో ఇచ్చిన నిర్వచనంలోనే అది ఉంది: సరిపడా ఫ్లూయిడ్ ఇచ్చాక కూడా సగటు రక్తపోటు 65 నిలపడానికి వాసోప్రెస్సర్ (బీపీ పెంచే మందు) కావాలి, లాక్టేట్ 2 మిల్లీమోల్స్ దాటి ఉండాలి. ఆ రెండూ కలిస్తే సెప్టిక్ షాక్, ఆసుపత్రి మరణాలు 40 శాతం పైమాటే. రెండింట్లో ఒక్కటే ఉంటే ముప్పు అంతకన్నా తక్కువ. బీపీ నిలబడి ఉన్నా లాక్టేట్ 4 దాటిన రోగిని మామూలు వార్డులో ఉంచకూడదు. బీపీ పుస్తకం చూసి ధైర్యపడి వదిలేసే రోగి ఇతనే.

లాక్టేట్ తగ్గుదల లెక్క ఇలా: మొదటి లాక్టేట్‌లోంచి రెండోది తీసేసి, మొదటిదానితో భాగించి, నూరుతో గుణించాలి. 6.2 ఉన్నది రెండు గంటల్లో 4.1 అయితే 34 శాతం తగ్గినట్టు. రెండు గంటలకి 20 శాతం తగ్గుదలని లక్ష్యంగా పెట్టుకుని చికిత్స నడిపిన అధ్యయనం 2010లో వచ్చింది. 6 గంటలకి 10 శాతం కూడా తగ్గని వాళ్లలో మరణాలు ఎక్కువని 2004 నాటి అధ్యయనంలోనే ఉంది. అయితే 2.6 నుంచి 2.4కి వచ్చిన రోగిని "8 శాతమే తగ్గింది, ప్రమాదం" అని లెక్కేయొద్దు. కింది అంకెల దగ్గర శాతం మోసం చేస్తుంది. శాతంతోపాటు అసలు విలువా రాయండి.

లాక్టేట్ తగ్గకపోవడానికి రక్తప్రసరణే కారణం కానక్కర్లేదు. అడ్రినలిన్ నడుస్తుంటే బీటా గ్రాహకాల మీద పనిచేసి అదే లాక్టేట్ పెంచుతుంది. మెట్‌ఫార్మిన్ వేసుకునే షుగరు రోగి, లివర్ దెబ్బతిన్నవాళ్లు, అప్పుడే ఫిట్స్ వచ్చినవాళ్లు, సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ మీద నెబ్యులైజేషన్ పడుతున్నవాళ్లు, మద్యం వల్ల థయమిన్ (బి1 విటమిన్) లోపించినవాళ్లు: ఇవన్నీ మీ ప్రొఫార్మాలో ఒక్కో గడి కావాలి. లేకపోతే చివర్లో అంకెలుంటాయి, అర్థం ఉండదు.

ల్యాబ్_బెంచి (బయోకెమిస్ట్రీ)

డాక్టరు గారు చెప్పిన దానికి ముందు మెట్టు ఒకటుంది. సూది గుచ్చిన క్షణం నుంచి మిషన్లో పెట్టేదాకా ఏటవుతోందో చూడాలి. లాక్టేట్ పాడైనంత సులువుగా ఇంకే పరీక్షా పాడవదు.

గొట్టంలో పడ్డాక కూడా ఎర్రకణాలు గ్లూకోజ్ తింటూ లాక్టేట్ వదులుతూనే ఉంటాయి. తెల్లకణాలు 30 వేలున్న రోగిలో ఇంకా వేగం. మామూలు గొట్టంలో తీసి, బల్ల మీద గంట ఉంచి పంపితే మీరు కొలిచేది రోగి లాక్టేట్ కాదు, గొట్టంలో పుట్టిన లాక్టేట్.

ఏబీజీ సిరంజీలో అయితే తీసిన 15 నిమిషాల్లో మిషన్‌కి. అలా కుదరకపోతే బూడిదరంగు మూత ఫ్లోరైడ్ గొట్టం, ఐసులో పెట్టి, వీలైనంత తొందరగా ప్లాస్మా వేరుచేయాలి. ఆ గొట్టాన్ని అన్నిటికన్నా చివర నింపండి. అందులోని పొటాషియం ఉప్పు పక్క గొట్టంలోకి పోతే పొటాషియం రిపోర్టు తప్పుతుంది. టోర్నికేట్ బిగించి చాలాసేపు ఉంచొద్దు, రోగిని పిడికిలి బిగించి తెరవమనొద్దు. రింగర్ లాక్టేట్ ఎక్కుతున్న చేతి నుంచి తీయొద్దు. ఆ ద్రవం ఒంట్లోకెళ్లడం వల్ల పెద్దగా ఏం కాదు గానీ, అదే లైను నుంచి తీస్తే ద్రవమే శాంపిల్లోకి వచ్చేస్తుంది. సిరంజీలో ద్రవ హెపారిన్ మిగిలిపోతే రక్తం పలచనై అంకె తగ్గుతుంది. ఆ సిరంజీల్లో హెపారిన్ పూర్తిగా బయటికి నెట్టేయాలి.

యూనిట్లు కూడా. కొన్ని ల్యాబుల్లో మిల్లీగ్రాముల్లో ఇస్తారు. 9తో భాగిస్తే మిల్లీమోల్స్ వస్తాయి. 36 అన్న రిపోర్టు అంటే 4. ఒక రోగికి మొదటిది ఏబీజీ మిషన్లో, రెండోది పెద్ద అనలైజర్లో చేస్తే వాటి తేడాని తగ్గుదలగా లెక్కేయొద్దు. రెండూ ఒకే మిషన్లో చేయండి.

ఉద్దానం_నెఫ్రో

మన జిల్లాల్లో ఈ పని చేసేవాళ్లు తప్పక పట్టించుకోవాల్సింది క్రియాటినిన్. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు (దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువున్న ఉద్దానం) నుంచి వచ్చే రోగికి సెప్సిస్ రాకముందే క్రియాటినిన్ 2.4 ఉండొచ్చు. అతనికి అదే మామూలు.

సోఫా స్కోరులో (ఏ అవయవం ఎంత దెబ్బతిందో పాయింట్లలో చెప్పేది) క్రియాటినిన్ 1.2 నుంచి 1.9 వరకు ఒక పాయింటు, 2 నుంచి 3.4 వరకు రెండు, 3.5 నుంచి 4.9 వరకు మూడు, 5 దాటితే నాలుగు. ఆ రోగికి ఇప్పుడు 3.1 వచ్చిందనుకోండి. పాతది తెలియకపోతే సున్నా అనుకుంటాం, కిడ్నీకి రెండు పాయింట్లు పడతాయి. అంతటితో "సోఫా రెండు పెరిగింది, సెప్సిస్" అయిపోతుంది. పాతది 2.4 అని తెలిస్తే పెరిగింది సున్నా. ఒకే మనిషి, రెండు నిర్ధారణలు. అలాంటివాళ్లు 100లో పదిహేనుమంది కలిసినా మీ ఫలితం వంకరపోతుంది.

పాతది కనుక్కునే దారులు: కిడ్నీ పరీక్ష శిబిరాల్లో ఇచ్చిన కాగితాలు, పాత మందుల చీటీలు, డయాలిసిస్ కార్డు. "కాయితాలు ఇంటికాడున్నాయి" అంటే ఫోన్లో ఫోటో తెప్పించండి. ఏదీ దొరక్కపోతే అల్ట్రాసౌండ్‌లో రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయా, కార్టెక్స్ పలచబడిందా చూడండి. అదుంటే దీర్ఘకాలికమే. థీసిస్‌లో ఈ గుంపుని విడిగా చూపించండి, మిగతావాళ్లలో కలపకండి.

డయాలిసిస్ మీదున్నవాళ్లకి ఇన్‌ఫెక్షన్ లేకపోయినా ప్రోకాల్సిటోనిన్ 0.5 దాటి ఉండొచ్చు. ఎప్పుడూ డయాలిసిస్‌కి ముందే తీయండి.

చంపావతి_పీజీ

క్రియాటినిన్ సంగతి నా ప్రొఫార్మాలో లేనే లేదు, ఇప్పుడే చేరుస్తున్నాను. పీసీటీ విషయం చెప్పండి సార్. డబ్బు పెట్టాలా వద్దా? కార్డు టెస్టు అయితే చవగ్గా వస్తోంది.

వంశధార

కార్డు వద్దు. అది 0.5 లోపు, 0.5 నుంచి 2, 2 నుంచి 10, 10 పైన అని గీత రంగు చూసి వర్గం చెబుతుంది. 9 నుంచి 2.5కి దిగినా అదే వర్గం. మీకు కావలసింది ఎంత శాతం తగ్గిందన్నది. కార్డుతో అది రాదు.

2017లో వచ్చిన మోసెస్ అధ్యయనంలో మొదటిరోజుకీ నాలుగోరోజుకీ మధ్య పీసీటీ 80 శాతం కన్నా ఎక్కువ తగ్గనివాళ్లలో 28 రోజుల మరణాలు 20 శాతం, తగ్గినవాళ్లలో 10 శాతం. మొదటిరోజు విలువ ఒక్కదానికి అంత బలం లేదు. కాబట్టి 100 మందికి ఒక్కోసారి తీసే డబ్బుతో 50 మందికి రెండేసి సార్లు తీయండి. దాని అర్ధాయువు దాదాపు 24 గంటలు. ఇన్‌ఫెక్షన్ మూలం అదుపులోకొస్తే రోజురోజుకీ సగమవుతూ రావాలి. 40 ఉన్నది మూడోరోజుకి 38 దగ్గరే ఉంటే ఎక్కడో చీము మిగిలింది, లేదా యాంటీబయాటిక్ పట్టడం లేదు. అప్పుడు స్కాన్ చేయించి మూలం వెతకాలి. మరో మందు చేర్చి ఊరుకోవడం కాదు.

మొదలుపెట్టడానికి మాత్రం పీసీటీ కోసం ఆగొద్దు. 2021 సర్వైవింగ్ సెప్సిస్ మార్గదర్శకాలు కూడా అదే అంటాయి: యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపాలో తేల్చడానికి వాడండి, మొదలుపెట్టాలా వద్దా అన్నదానికి వద్దు. 2016లో నెదర్లాండ్స్ సాప్స్ అధ్యయనంలో గరిష్ఠం నుంచి 80 శాతం తగ్గినా, 0.5కి దిగినా ఆపమన్నారు. మందు రోజులు 7 నుంచి 5కి తగ్గాయి, 28 రోజుల మరణాలు 25 శాతానికి బదులు 20 శాతం. దాన్ని బట్టి పీసీటీ మీద పెట్టిన డబ్బు మందుల్లో కొంత తిరిగొస్తుందని నా అభిప్రాయం.

ల్యాబ్_బెంచి

పీసీటీకి ఒక సౌకర్యం ఉంది. లాక్టేట్‌లా కాదు, గది ఉష్ణోగ్రతలోనూ ఒకరోజు దాదాపు నిలుస్తుంది. శ్రీకాకుళం నుంచి విశాఖకి పంపినా పనికొస్తుంది. సీరం వేరుచేసి చల్లగా పంపితే ఇంకా మంచిది. కాకపోతే మొదటిదీ నాలుగోదీ ఒకే ల్యాబుకే వెళ్లాలి. కిట్లు మారితే అంకెలు మారతాయి.

సీతంపేట_పీహెచ్‌సీ

ఏజెన్సీ వైపు నుంచి ఒక మాట. పీసీటీ బాగా ఎక్కువుంటే బ్యాక్టీరియానే అనుకోకండి. ఫాల్సిపారం మలేరియాలోనూ బాగా పెరుగుతుంది. జ్వరంతో స్పృహ తగ్గినవాళ్లందరికీ మలేరియా కార్డు, రక్తపు స్మియర్ ముందు చూడాలి. తీవ్ర మలేరియా అయితే ఆర్టిసునేట్ పెద్దవాళ్లకి కిలోకి 2.4 మిల్లీగ్రాములు, చేరగానే, 12 గంటలకి, 24 గంటలకి. ఆ మీదట రోజుకొకసారి. అక్కడా లాక్టేట్ 5 దాటితే తీవ్రత కిందే లెక్క.

రెండోది స్క్రబ్ టైఫస్. ప్లేట్‌లెట్లు తగ్గి, లివర్ ఎంజైములు ఓ మోస్తరుగా పెరిగి, ఊపిరి అందక వస్తారు. చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుము పట్టీ కింద బట్ట తీసి చూడాలి. సిగరెట్టు కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉంటుంది. నొప్పుండదు కాబట్టి రోగి చెప్పడు. మెరోపెనెం లాంటి పెద్ద యాంటీబయాటిక్ ఎన్నిరోజులిచ్చినా దీనికి పనిచేయదు, డాక్సీసైక్లిన్ పడాలి. తీవ్ర రోగుల్లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికిస్తే ఒక్కోదానికన్నా మేలని మన దేశంలోనే జరిగిన ఇంట్రెస్ట్ అధ్యయనం 2023లో తేల్చింది. మార్కర్లు తగ్గకపోవడం రోగి బలహీనతనుకుంటాం, నిజానికి మందు తప్పు.

లాక్టేట్ లేని చోట ఏం చేయాలన్నది మాకు రోజూ ఉండే ప్రశ్న. చూపుడువేలు కొసన స్లైడు గాజుతో తెల్లబడేదాకా నొక్కి, 10 సెకన్లు ఉంచి వదలాలి. రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటితే చెడ్డ గుర్తు. అరగంటకోసారి చూడాలి. 2019లో ఆండ్రోమెడా-షాక్ అధ్యయనం దీన్ని లాక్టేట్‌తో పోల్చింది. 28 రోజుల మరణాలు దీనితో 34.9 శాతం, లాక్టేట్‌తో 43.4 శాతం. తేడా గణాంకపరంగా గీత దాటలేదు గానీ, లాక్టేట్ కన్నా తీసిపోలేదన్న భరోసా చాలు మాకు. గది చల్లగా ఉన్నా, చెయ్యి చల్లబడినా తప్పుగా చూపిస్తుంది. ముదురురంగు చర్మం మీద మంచి వెలుతురు కావాలి.

నాగావళి (పాథాలజీ, శ్రీకాకుళం)

డబ్బులేని చోట సీబీసీని ఇంకా బాగా చదవొచ్చు.

లింఫోసైట్ల (ఒకరకం తెల్లకణాలు) శాతం కాదు, సంఖ్య రాయండి. మొత్తం 14,000, లింఫోసైట్లు 5 శాతం అంటే 700. నాలుగోరోజుకి కూడా 600 పైకి రాని రోగుల్లో మరణాలు ఎక్కువని 2014లో అధ్యయనం ఉంది. మొదటిరోజు తగ్గడం అందరిలోనూ ఉంటుంది, దానికి విలువ తక్కువ. కోలుకుంటుందా లేదా అన్నదే చూడాలి. న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి కూడా తీయొచ్చు, ఈ రోగికి న్యూట్రోఫిల్స్ (ఇంకోరకం తెల్లకణాలు) 88 శాతమైతే, 88ని 5తో భాగిస్తే 17.6. కాకపోతే హైడ్రోకార్టిసోన్ రోజుకి 200 మిల్లీగ్రాములు మొదలైతే న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్లు తగ్గుతాయి, నిష్పత్తి దానంతటదే ఎగబాకుతుంది. స్టెరాయిడ్‌కి ముందా, తర్వాతా అన్నది తప్పక నమోదు చేయండి.

ప్లేట్‌లెట్లు 40 వేలని మిషన్ చెబితే స్మియర్ చూడకుండా నమ్మొద్దు. గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏలో గుంపులు కట్టి తక్కువగా కనిపించొచ్చు. అనుమానముంటే నీలం మూత సిట్రేట్ గొట్టంలో తీసి, వచ్చిన అంకెని 1.1తో గుణించండి. డెంగ్యూ కాలంలో ఇంకో చిక్కు: ప్లేట్‌లెట్లు తగ్గడం అక్కడ జబ్బు స్వభావం, సోఫా పాయింట్లు మాత్రం చేరిపోతాయి.

ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్ కలిపి సిక్ స్కోరు (సెప్సిస్‌లో గడ్డకట్టే తీరు చెడిందా చెప్పేది) వేసుకోండి, ఖర్చేం లేదు. ప్లేట్‌లెట్లు లక్ష లోపు 2, లక్ష నుంచి లక్షన్నర 1. ఐఎన్ఆర్ 1.4 దాటితే 2, 1.2 దాటి 1.4 వరకు 1. సోఫా 2 లేదా ఆపైన 2, ఒకటైతే 1. మొత్తం 4 లేదా ఆపైన వచ్చి, అందులో ప్లేట్‌లెట్లూ ఐఎన్ఆర్ కలిసి 2 దాటితే రక్తం గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతిన్నట్టు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లని దీన్లోంచి తీసేయాలి. లివర్ రోగుల్లోనూ ఐఎన్ఆర్ వేరే కారణంతో పెరుగుతుంది.

సీఆర్పీ మీద ఆశ పెట్టుకోకండి. ఆలస్యంగా, 36 నుంచి 50 గంటలకి శిఖరానికెళ్తుంది. ఆపరేషనైనా, కాలు విరిగినా పెరుగుతుంది.

వంశధార

నాగావళి గారూ, సీఆర్పీ విషయంలో కొంచెం విభేదిస్తాను. ముందుగా చెప్పడానికి పనికిరాదు, నిజమే. నాలుగైదు రోజులు వరుసగా తీస్తే, పీసీటీ కొనలేని చోట తగ్గుదల చూడ్డానికి పనికొస్తుంది. తగ్గుతున్నది మళ్లీ లేచిందంటే కొత్త ఇన్‌ఫెక్షన్ వెతకమని చెబుతుంది. పారేయదగ్గది కాదు.

నాగావళి

వరుసగా తీసేట్టయితే ఒప్పుకుంటాను. ఒకేఒక్క సీఆర్పీ మీద అంచనా కట్టడం గురించే నా అభ్యంతరం.

లెక్కల_గది (బయోస్టాటిస్టిక్స్)

100 మందిలో 40 మంది చనిపోతారనుకుందాం. ఒక్కో చలరాశికి (లెక్కలో పెట్టే ఒక్కో పరీక్షకి) కనీసం పది సంఘటనలు (ఇక్కడ మరణాలు) అన్న పాత నియమం ప్రకారం మీరు ఒక గణిత నమూనాలో పెట్టగలిగేది నాలుగే. పన్నెండు పరీక్షలు గుమ్మరిస్తే ఏదో ఒకటి గీత దాటుతుంది, అది ఇంకో ఆసుపత్రిలో నిలబడదు. ఏ నాలుగో ముందే రాసిపెట్టండి.

సోఫాలో ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, బిలిరుబిన్ ఇప్పటికే ఉన్నాయి. సోఫాని, వాటిని పక్కపక్కన పెట్టి రెండూ వేర్వేరు రుజువులన్నట్టు చూపించొద్దు. అడగాల్సిన ప్రశ్న: సోఫా తెలిసిన మీదట లాక్టేట్ తగ్గుదల అదనంగా ఏమైనా చెబుతోందా? ఏయూసీ ఒక్కటే చాలదు. 30 శాతం పోతారని నమూనా చెప్పిన గుంపులో నిజంగా అంతమందే పోయారా అన్నది గ్రాఫు గీసి చూపాలి. మీ 100 మందిలోనే కటాఫ్ (ప్రమాదమని గీత గీసే విలువ) వెతికి, మీ 100 మంది మీదే పరీక్షిస్తే అది ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

నాలుగోరోజు విలువ వాడితే ఇంకో గుంట ఉంది. మూడోరోజు లోపల పోయినవాళ్లకి నాలుగోరోజు శాంపిల్ ఉండదు. వాళ్లని వదిలేసి అందరి గురించీ మాట్లాడొద్దు. "నాలుగోరోజుకి బతికున్నవాళ్లలో" అని స్పష్టంగా రాసి, లెక్క అక్కడినుంచి మొదలుపెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం, సంతకం పెట్టి తీసుకెళ్లిపోయిన రోగులు. "ఇంటికి పట్టుకెళ్లిపోతాం" అని వెళ్లినవాళ్లని డిశ్చార్జి ఖాతాలో వేస్తే బతికినట్టే లెక్క. చాలామంది ఇంట్లో పోతారు. చేరినప్పుడే రెండు ఫోను నంబర్లు, ఊరు, ఆశా కార్యకర్త వివరం అనుమతితో తీసుకుని, 28వ రోజున ఫోను చేయండి. ఎథిక్స్ కమిటీ దరఖాస్తులోనే ఆ సంగతి రాయండి.

ఐసీయూ_సిస్టర్

సార్లందరూ ఏం తీయాలో చెప్పారు. ఎప్పుడు తీశామన్నది కాగితం మీద లేకపోతే ఏదీ పనికిరాదు. రిపోర్టు మీద పడే టైము ల్యాబుకి చేరిన టైము, తీసిన టైము కాదు. గొట్టం మీద తీసిన గంట, నిమిషం రాయాలి. పక్కనే బీపీ నిలిపే నార్‌అడ్రినలిన్ ఎన్ని ఎంఎల్ నడుస్తోంది, అప్పటికి ఎంత ఫ్లూయిడ్ పోయింది, ఆక్సిజన్ ఎంత పెట్టాం అన్నవి రాస్తే ఆ అంకెకి అర్థం ఉంటుంది. షిఫ్టు మారే వేళ రెండో లాక్టేట్ తప్పిపోతుంది. మంచం తలాపున బోర్డు మీద తర్వాతి శాంపిల్ టైము రాసి ఉంచితే ఎవరు డ్యూటీలో ఉన్నా తీస్తారు.

కల్చర్లు యాంటీబయాటిక్‌కి ముందే, రెండు చోట్ల నుంచి, పెద్దవాళ్లకి ఒక్కో సీసాకి 8 నుంచి 10 ఎంఎల్. 3 ఎంఎల్ పోసి "ఏమీ పెరగలేదు" అంటే అది ఫలితం కాదు. కానీ నరం దొరకలేదని మందు ఆలస్యం చేయకూడదు.

చంపావతి_పీజీ

ఇంకొక్క సందేహం. లాక్టేట్ 9 చూశాక ఇంటివాళ్లు "బతుకుతాడా అమ్మా, ఉన్నమాట చెప్పండి" అంటారు. 100లో ఇంతమంది అని చెప్పొచ్చా?

వంశధార

శాతం చెప్పకండి. ఆ శాతం ఒక గుంపుది, వాళ్ల మనిషిది కాదు. "80 శాతం కష్టం" అన్నమాట వినగానే అప్పు చేసి తెచ్చిన కుటుంబం బండి మాట్లాడుకుంటుంది. ఆరు గంటల తర్వాత ఆ లాక్టేట్ 5కి దిగి ఉండేదేమో. "పరిస్థితి చాలా ప్రమాదంలో ఉంది, రక్తప్రసరణ సరిపోవడం లేదని పరీక్ష చెబుతోంది, ఆరు గంటల్లో మళ్లీ చూసి చెబుతాం" అనండి. చెప్పిన గంటకి మీరే వెళ్లి చెప్పండి.

సీతంపేట_పీహెచ్‌సీ

మా దగ్గర ఆరు గంటలు ఆగే వీలుండదు సార్. చిన్న ఆసుపత్రిలో 4 దాటగానే పంపేయాలి. నిజాయితీగా "ఇక్కడ వెంటిలేటర్ లేదు, ఇప్పుడే వెళ్లాలి" అని చెప్పకపోతే వాళ్లు తెల్లారేదాకా చూస్తారు.

వంశధార

అది వేరే సంగతి, మీరన్నదే సరి. పంపేముందు మొదటి మోతాదు యాంటీబయాటిక్ పడాలి, కిలోకి 30 ఎంఎల్ లెక్కన ఫ్లూయిడ్ మొదలై ఉండాలి. గుండె, కిడ్నీ రోగులకి కొద్దికొద్దిగా ఎక్కిస్తూ ఊపిరితిత్తులు వినాలి. 108లో కూడా అది నడుస్తూనే వెళ్లాలి. రిఫరల్ చీటీ మీద "సెప్సిస్, హయ్యర్ సెంటర్‌కి" అని ఒక్క ముక్క రాసి పంపొద్దు. లాక్టేట్ ఎంత, ఏ గంటకి తీశారు, ఏ మిషన్లో, ఎంత ఫ్లూయిడ్ పోయింది, ఏ మందు ఎన్నింటికి పడింది, పాత క్రియాటినిన్ ఎంత: ఈ ఆరూ ఉంటే దిగిన చోట తీసే లాక్టేట్ వాళ్లకి రెండోదవుతుంది. లేకపోతే మళ్లీ మొదటిదే.

చంపావతి_పీజీ

ఆ ఆరు గడులతో చీటీ నమూనా తయారుచేసి రేపు ఇక్కడే పెడతాను. సిస్టర్ గారూ, తీసిన టైముకి, ల్యాబుకి చేరిన టైముకి వేర్వేరు గడులు పెడుతున్నాను. చూసి ఎక్కడ ఇరుకుగా ఉందో చెప్పండి.